ఈ వారం ఏ పాటకు పోదాం?

నంద్యాలలో వింటున్న వారికి, ఆళ్లగడ్డలో వింటున్న వారికి, శిరివెళ్ల, కోయిలకుంట్ల, చాగలమర్రి వైపు శనగ చేలో పని చేసుకుంటూ గట్టు మీద రేడియో పెట్టుకున్న వారికి, అందరికీ నమస్కారం.

శివరాత్రి దగ్గరికొచ్చింది. మన వైపు ఏడాది మొత్తం మీద పాట ఎక్కువగా వినిపించే రోజులివే. గోడ మీద పోస్టరు. ఆటో వెనక కరపత్రం. సాయంత్రమైతే మైకు కట్టుకున్న బండి వీధివీధీ తిరిగి చెబుతుంది, ఫలానా ఊళ్లో రాత్రికి నాటకం ఉందని. మహానందిలో బ్రహ్మోత్సవాలు. యాగంటిలో తిరునాళ్ల సందడి. శ్రీశైలం సంగతి చెప్పనే అక్కర్లేదు. పల్లెల్లో చెక్కభజన, కోలాటం. టౌన్లో ఆర్కెస్ట్రా. అన్నీ ఒకే వారంలో వస్తాయి. కొన్నిసార్లు అన్నీ ఒకే రాత్రి వస్తాయి. మనిషి ఒక్కడే, రాత్రి ఒక్కటే. ఎక్కడికి పోవాలి? ఈ పూట మనం మాట్లాడుకునేది ఇదే.

నా సలహా ముందే చెప్పేస్తాను. బ్యానరు మీద ఎవరి బొమ్మ పెద్దగా వేశారో దాన్ని పక్కన పెట్టండి. పాడేవారి పక్కన ఎవరు వాయిస్తున్నారో చూడండి. పక్కవాద్యం చూసి పాటను ఎంచుకోండి. ఇంకోసారి చెబుతాను, ఎందుకంటే రేడియోలో వెనక్కి తిప్పి వినడానికి ఉండదు కదా. పక్కన వాయించేది ఎవరో చూసి, పాటకు పొండి.

ఎందుకంటారా? పౌరాణిక నాటకంతోనే మొదలుపెడదాం. మన ఊళ్లలో ఇప్పటికీ రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టగలిగేది అదే. పోస్టరు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. శ్రీకృష్ణ రాయబారం అని పైన పెద్ద అక్షరాలు. కింద మొదటి కృష్ణుడు ఒకరు, రెండో కృష్ణుడు ఇంకొకరు. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారం సీనుకు మరో కృష్ణుడు. అర్జునుడు ఒక జిల్లా, దుర్యోధనుడు ఇంకో జిల్లా. వీళ్లందరూ నెల రోజులు కలిసి రిహార్సల్ చేసినవాళ్లు కారు. ఆ సాయంత్రం మేకప్ గదిలో కలుసుకుంటారు. టీ తాగుతారు. ముఖానికి రంగు వేసుకుంటారు. తొమ్మిదికో పదికో తెర లేస్తుంది.

మరి ఒకరినొకరు అంతగా ఎరగని ఈ నటులను ఒక్క తాడు మీదికి తెచ్చేది ఎవరు? స్టేజీ కింద, ఓ పక్కగా, పెట్టె ముందు కూర్చున్న మనిషి. హార్మోనిస్టు. మొదటి కృష్ణుడి శ్రుతి ఎక్కువ ఉంటుంది. రెండో కృష్ణుడికి వయసు మీద పడింది, శ్రుతి కాస్త దిగింది. అర్జునుడు ఇంకో శ్రుతిలో పాడతాడు. ఎవరు ఎప్పుడు వస్తారో, ఎవరికి ఏ మెట్టు కావాలో ఆ పెట్టె వాయించే ఆయనకు తెలిసి ఉండాలి. నటుడు పద్యం చివర రాగం తీస్తూ పైకి పోతుంటే, ఆయన వేళ్లు వెనకే పోవాలి. నటుడికి ఊపిరి అందని ఆ అర క్షణంలో పెట్టె పలికి, రాగం తెగకుండా పట్టుకోవాలి. వినేవాడికి అక్కడ ఖాళీ వచ్చినట్టే తెలియకూడదు. మంచి హార్మోనిస్టు ఉన్న రాత్రి, మామూలు నటుడు కూడా ఒక మెట్టు పైన పాడతాడు. పెట్టె సరిగా లేని రాత్రి, ఎంత పేరున్న కృష్ణుడైనా రెండో పద్యానికే అలసిపోతాడు. అందుకే అంటున్నాను, పోస్టరులో కృష్ణుడి పేరు చదివాక అక్కడే ఆగొద్దు. కిందికి రండి. చిన్న అక్షరాల్లో హార్మోనియం అని ఉంటుంది. ఆ పేరు చదవండి. డోలక్ ఎవరో చదవండి. ఆ పేరు మీకు కొత్తదైతే, నాటకాలు చూసే పెద్దవాళ్లను అడగండి. పెద్దయ్యా, ఈయన పెట్టె ఎట్లా వాయిస్తాడు అని అడగండి. నటుల గురించి ఒక్క మాటలో చెప్పే పెద్దాయన కూడా హార్మోనిస్టు గురించి అడిగితే అరుగు మీద కూర్చోబెట్టుకుని చెబుతాడు.

ఈ నాటక పద్యానికి రాయలసీమతో ఉన్న చుట్టరికం పాతది. తెలుగు నాటకంలోకి పాటను, రాగంతో పాడే పద్యాన్ని తెచ్చి నిలబెట్టిన వారిలో ముందు వరుసలో ఉన్నది ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు. 1880లలో బళ్లారిలో ఆయన నాటక సభ పెట్టి ఆడించారు. అదే కాలంలో, 1885లో, మన పక్క కడప జిల్లాలో సురభి అనే చిన్న పల్లెలో కీచక వధ ఆడారు. అక్కడ పుట్టిన నాటక కుటుంబాలు ఆ పల్లె పేరుతోనే దేశమంతా తిరిగాయి. బళ్లారి అటు, సురభి ఇటు. మధ్యలో మనం. మన ముత్తాతలు ఎడ్లబండ్లు కట్టుకుని నాటకానికి పోయారంటే ఆశ్చర్యమేముంది?

హరిశ్చంద్ర నాటకం ఉంటే కాటి సీను దాకా తప్పకుండా ఉండండి. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు రాసిన నాటకం అది. కానీ కాటి సీనులో హరిశ్చంద్రుడి నోట మీరు వినే కొన్ని పద్యాలు ఆయనవి కావు. గుర్రం జాషువా గారు శ్మశానవాటి మీద రాసిన పద్యాలు. నటులు ఆ పద్యాలను తెచ్చి నాటకంలో పాడారు, జనం ఒప్పుకున్నారు, ఇప్పుడు అవి లేకపోతే కాటి సీను వెలితిగా ఉంటుంది. గమనించండి. అంటరానితనాన్ని అనుభవించిన ఒక కవి రాసిన పద్యం. దాన్ని అర్ధరాత్రి దాటాక, కాటికాపరి వేషంలో ఉన్న రాజు పాడుతున్నాడు. ఆ సమయానికి స్టేజీ ముందు సగం జనం నిద్రలోకి జారుకుని ఉంటారు. మేలుకుని ఉన్న సగంలో మీరుండాలని నా కోరిక. అప్పుడు పెట్టె ఎంత నెమ్మదిగా పలుకుతుందో వినండి. మంచి హార్మోనిస్టు ఆ సీనులో చాలా తక్కువ వాయిస్తాడు. ఆ తక్కువలోనే ఆయన విద్య ఉంది.

ఇక శివరాత్రి జాగారం. మహానంది నంద్యాలకు దాదాపు 15 కిలోమీటర్లు. ఆ రాత్రి బస్సులకు కొదవుండదు, జనానికీ కొదవుండదు. లింగోద్భవ సమయానికి అక్కడి కోనేటి చుట్టూ ఉండే భక్తి మాటల్లో చెప్పలేం. దర్శనానికి తప్పక పొండి. కానీ పాట కోసమే పోవాలనుకుంటే, నాదొక మనవి. నంద్యాల చుట్టూ నవనందులున్నాయి. ప్రథమనంది, నాగనంది, సోమనంది టౌన్లోనే ఉన్నాయి. శివనంది, కృష్ణనంది, సూర్యనంది ఊరి బయట చెట్ల మధ్య ఉన్నాయి. వీటిల్లో ఏదో ఒక చిన్న కోవెలనో, మీ ఊరి శివాలయాన్నో ఎంచుకోండి. అక్కడ ఆ రాత్రికి చెక్కభజన దళం వస్తుందేమో మధ్యాహ్నమే కనుక్కోండి. పెద్ద తిరునాళ్లలో నాలుగు మైకులు ఒకదాని మీద ఒకటి అరుస్తాయి. చిన్న గుడిలో ఒక్క పాటే వినిపిస్తుంది.

చెక్కభజన ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? అయినా చెబుతాను, టౌన్లో పుట్టి పెరిగిన పిల్లలు కూడా వింటున్నారు. చేతిలో రెండు చెక్కలు. వాటికి ఇత్తడి బిళ్లలు. కాళ్లకు గజ్జెలు. గురువు ఒక పాదం పాడతాడు, దళం అందుకుని పాడుతుంది. మొదట నిదానంగా, నడుస్తున్నట్టు ఉంటుంది. తర్వాత అడుగు మారుతుంది. ఒక అడుగు, రెండడుగులు, తిరుగుడు, వంగుడు. గురువు ఏమీ చెప్పడు. పాదం ఎత్తుకునే తీరులోనే అడుగు మారాలని దళానికి తెలిసిపోతుంది. చెక్కలన్నీ ఒక్కసారే పలుకుతాయి, ఒక్కసారే ఆగుతాయి. ఇక్కడ పక్కవాద్యం ఎవరు? పాడేవారే. చేయి తాళం, కాలు తాళం, నోరు పాట. ఒక మనిషి తప్పితే వలయం మొత్తానికి తెలుస్తుంది. పగలంతా వరి మడిలోనో, సిమెంటు పనిలోనో ఉండి వచ్చినవాళ్లు రాత్రి రెండు గంటలకు అంత వేగంతో ఎగురుతుంటే, చూసేవాడికి నిద్ర ఎక్కడ నుంచి వస్తుంది?

ఇలాంటి చోట ఎంత ముందు కూర్చుంటే అంత మంచిది. ఇది రెండో మాట. మొదటిది, పక్కవాద్యం చూసి ఎంచుకోండి. రెండోది, దగ్గరగా కూర్చోండి. గజ్జె చప్పుడు మైకులోంచి కాకుండా నేల మీదుగా మీ దగ్గరికి రావాలి. ఆ దూరంలో కూర్చోండి.

శ్రీశైలానికి నడిచి పోయేవారుంటారు మనలో. వెంకటాపురం దగ్గర నల్లమల ఎక్కి, నాగలూటి, పెచ్చెర్వు మీదుగా పోతారు. వాళ్లకు వేరే కచేరీ చెప్పక్కర్లేదు. ముందు పోయే గుంపు ఒక శివనామం ఎత్తుకుంటే, వెనక వచ్చే గుంపు మలుపు అవతల నుంచి అందుకుంటుంది. అడవిలో అంతకు మించిన పక్కవాద్యం లేదు.

ఇప్పుడు ఆళ్లగడ్డ వైపు వద్దాం. ఆళ్లగడ్డ శ్రోతలారా, ఈ వారం మీరు నంద్యాలకు రావాల్సిన పని లేదు. నంద్యాల వాళ్లే మీ దగ్గరికి రావాలి. అహోబిలం పారువేట ఉత్సవం ఇంకా మీ పల్లెల్లోనే తిరుగుతోంది. కనుమ నాడు బయలుదేరిన స్వామి దాదాపు 40 రోజులు, 30కి పైగా ఊళ్లు తిరుగుతాడు. ఎగువ అహోబిలం జ్వాలా నరసింహుడు, దిగువ అహోబిలం ప్రహ్లాద వరదుడు, ఇద్దరూ ఒకే పల్లకిలో. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవం రాబోతోంది, నా పెళ్లికి రండని స్వామే ఇంటింటికీ పిలుపు చెప్పడానికి వస్తాడని మన పెద్దల మాట. చెంచు లక్ష్మి పుట్టింటి వాళ్లు చెంచులు, విల్లంబులతో వచ్చి తమ అల్లుడికి మర్యాద చేస్తారు. దేవుణ్ణి చూడ్డానికి జనం కొండెక్కడం చాలా క్షేత్రాల్లో ఉంది. జనాన్ని చూడ్డానికి దేవుడు కొండ దిగి 40 రోజులు పల్లెల్లో ఉండడం ఎంత గొప్ప సంగతి!

పల్లకి ఏ ఊరికి వస్తే ఆ రోజు ఆ ఊరికి పండగ. కూతుళ్లు, అల్లుళ్లు, మనవళ్లు అందరూ ఇంటికొస్తారు. ఆ పూట ఊరి పొలిమేర దగ్గర నిలబడి వినండి. ముందు డోలు వినపడుతుంది. తర్వాత సన్నాయి. మేళం నడుస్తూ వస్తుంది. కూర్చుని వాయించే సన్నాయికి, నడుస్తూ వాయించే సన్నాయికి తేడా ఉంది. నడుస్తూ వాయించే మనిషి ఊపిరిని అడుగుతో కలుపుకుంటాడు. పల్లకి ఆగితే రాగం విప్పుతాడు. పల్లకి కదిలితే రాగం కుదించి నడక పాటలోకి వస్తాడు. బోయీల భుజాల మీద బరువు, మేళగాడి ఊపిరి, డోలు దెబ్బ, మూడూ ఒకే లెక్కలో పోతాయి. ఇంట్లో కూర్చుని పెళ్లి వీడియోలో వినే సన్నాయిలో ఇది దొరకదు. టిక్కెట్టు లేదు, కుర్చీ లేదు, మైకు లేదు. మేళం పక్కన అడుగులో అడుగు వేసుకుంటూ ఓ ఫర్లాంగు నడవండి. చాలు.

అహోబిలం పేరెత్తాక అన్నమయ్యను తలచుకోకుండా ఎలా? 1408 నుంచి 1503 దాకా జీవించిన తాళ్లపాక అన్నమాచార్యులు అహోబిలంలో ఆదివన్ శఠకోప స్వామి దగ్గర వేదాంతం చదివారని ఆయన మనవడు చిన్నన్న ద్విపద కావ్యంలో రాశాడు. అహోబిల నరసింహుడి మీద అన్నమయ్య కీర్తనలు చాలా ఉన్నాయి. ఈ రోజుల్లో ఏ గుడి ఉత్సవానికి పోయినా అన్నమయ్య కీర్తనల కచేరీ ఒకటి ఉంటుంది. అక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. అన్నమయ్య పాటలు రాగిరేకుల మీద దొరికాయి. రేకు మీద రాగం పేరుంది. వరస లేదు. అంటే ఆయన ఎలా పాడారో మనకు అందలేదు. ఈ రోజు మనం పాడే వరసలన్నీ తర్వాతి వాళ్లు కట్టినవి. మన అనంతపురం వైపు మనిషి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు కొన్ని కట్టారు. నేదునూరి కృష్ణమూర్తి గారు కొన్ని కట్టారు. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు చాలా కట్టారు. అందుకని ఒకే కీర్తన రెండు చోట్ల రెండు రకాలుగా వినిపిస్తే, ఒకటి తప్పని అనుకోవద్దు. పైగా అదే మీకు మంచి అవకాశం. ఒక నరసింహ కీర్తన కచేరీలో వినండి. అదే కీర్తన భజన గుడిలో తాళాలతో ఎలా పాడుతున్నారో వినండి. కచేరీలో గాయకుడు ఒక్క మాట దగ్గర ఆగి దాన్ని పది రకాలుగా తిప్పుతాడు. భజనలో ఊరంతా ఆ మాటను పదిసార్లు ఒకే రకంగా పిలుస్తుంది. ఏది మేలని నన్నడిగితే చెప్పలేను. రెండూ వినకపోతే మాత్రం కీర్తన సగమే విన్నట్టు.

వినడమంటే ఎంత పెద్ద చదువో తెలియాలంటే మన కర్నూలు వైపే చూడాలి. శ్రీపాద పినాకపాణి గారు శ్రీకాకుళం వైపు పుట్టి, కర్నూలు మెడికల్ కాలేజీలో వైద్యం బోధించి, అక్కడే స్థిరపడ్డారు. 1913లో పుట్టి 2013 దాకా, దాదాపు నూరేళ్లు బతికారు. పగలు డాక్టరు, మిగతా కాలమంతా సంగీతం. మద్రాసులో ఉన్న రోజుల్లో పెద్ద పెద్ద విద్వాంసుల కచేరీలు విని, విన్నది మనసులో పట్టుకుని, ఇంటికొచ్చి సాధన చేసి, ఆ బాణీని తెలుగు నేల మీదికి తెచ్చారు. నేదునూరి, వోలేటి, నూకల వంటి మహా గాయకులకు ఆయన గురువు. ఆలోచించండి. ఆయన సంపాదనలో పెద్ద భాగం కచేరీల్లో కూర్చుని చెవితో సంపాదించింది. ముందు వరుసలో కూర్చుని శ్రద్ధగా వినే ఒక్క మనిషి ఎంత దూరం పోగలడో చెప్పడానికి మన పక్క కర్నూలులోనే ఇంత పెద్ద మనిషి ఉండేవారు. నంద్యాలలో గాత్రం, వీణ, వయొలిన్ నేర్చుకుంటున్న పిల్లలారా, మీ పాఠం ఎంత ముఖ్యమో, నెలకొక్క కచేరీ ఎదురుగా కూర్చుని వినడం అంత ముఖ్యం. వయొలిన్ పిల్లలు గాయకుణ్ణి చూడడం మానేసి వయొలిన్ ఆయననే చూడండి. ఆయన గాయకుడి వెనక ఎంత దూరంలో నడుస్తున్నాడో చూడండి.

ఈ నెలలో మరో తేదీ ఉంది. ఫిబ్రవరి 22. 1847లో ఆ రోజున కోయిలకుంట్లలో, కుంఫిణీ మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని జనం చూస్తుండగా ఉరితీశారు. ఆయన తలను కోటకు వేలాడదీసి 1877 దాకా అలాగే ఉంచారు. కుంఫిణీ వాళ్లు జనాన్ని భయపెట్టాలనుకున్నారు. జనం ఏం చేశారు? పాట కట్టారు. తిరిగి పాడుకునేవాళ్లు పాడారు. కోలాటం వేస్తూ పాడారు. ఆయన తిరుగుబాటు, కోయిలకుంట్ల ఖజానా మీద దాడి, చివరికి ఉరికొయ్య, అంతా పాటలో దాచుకున్నారు. అదే ఉయ్యాలవాడలో కరువు కాలంలో వేలమందికి అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి మీద కూడా పాట ఉంది. తంగిరాల వెంకట సుబ్బారావు గారు ఈ ఇద్దరి పాటల మీద పరిశోధన చేసి పుస్తకం రాశారు, రేనాటి సూర్యచంద్రులు అని పేరు పెట్టారు. 2019లో సినిమా వచ్చాక నరసింహారెడ్డి పేరు దేశమంతా తెలిసింది. కానీ ఆ సినిమాకు నూటయాభై ఏళ్లకు పైగా ముందు నుంచీ ఆయన్ను బతికించింది మన రేనాటి గొంతు.

ఆ పాట పూర్తిగా వచ్చినవాళ్లు ఇప్పుడు తక్కువ. అందుకే ఉయ్యాలవాడ, రూపనగుడి, కోయిలకుంట్ల చుట్టుపక్కల వింటున్న వారికి నా విన్నపం. ఈ వారం మీరు ఎక్కడికీ పోకండి. మీ వీధిలో ఆ పాట వచ్చిన జేజి ఉందేమో చూడండి. కోలాటం వేసిన కాలంలో నేర్చుకుని ఉంటుంది. జేజీ, నరసింహారెడ్డి పాట ఒకసారి పాడవా అని అడగండి. పిల్లల చేతికి రెండు కోలలివ్వండి. ఆమె ఎత్తుకుంటే మీరందరూ అందుకోండి. దానికంటే పెద్ద కచేరీ ఈ వారంలో ఏదీ లేదని నా నమ్మకం.

బుర్రకథ గురించి కూడా ఒక్క మాట. ఎక్కడైనా బుర్రకథ ఉందని తెలిస్తే వదలొద్దు. నడుమ కథకుడు తంబూర పట్టుకుని అడుగు వేస్తుంటాడు. రెండు పక్కలా ఇద్దరు డక్కీలు వాయిస్తుంటారు. ఒకాయన నవ్విస్తాడు, ఇంకొకాయన ఈ రోజు సంగతులు అడుగుతాడు. షేక్ నాజర్ గారి వంటి మహానుభావుడు ఈ కళకు దేశమంతా పేరు తెచ్చారు. అక్కడ కూడా పక్క ఇద్దరినీ చూడండి. వాళ్లు తాళంలో తానా అనే చోట కథకుడికి ఊపిరి దొరుకుతుంది. వాళ్లు అడిగే ప్రశ్నలో నుంచే కథ ముందుకు పోతుంది.

ఇక ఆర్కెస్ట్రాలు. సినిమా పాటల కార్యక్రమాలకు పోవద్దని చెప్పే మనిషిని కాను. ఘంటసాల పాట ఎదురుగా నిలబడి పాడుతుంటే ఎవరి ఒళ్లు పులకరించదు? కానీ ముందు కనుక్కోండి. వాయించేవాళ్లు వస్తున్నారా, లేక సంగీతం ముందే రికార్డు చేసి పెట్టి, దాని మీద పాడేస్తారా? తబలా, వయొలిన్, కీబోర్డు చేత్తో వాయిస్తుంటే పొండి. పాడేవారు ఒక చోట ఆగి సంగతి వేస్తే వాళ్లూ ఆగుతారు. రికార్డు ఆగదు. మనిషి పాట రికార్డు వెనక పరిగెత్తాల్సి వస్తుంది. అంతే తేడా, కానీ చాలా పెద్ద తేడా.

క్రైస్తవ సోదర సోదరీమణులకు శ్రమల దినాలు కూడా ఈ రోజుల్లోనే వస్తాయి. నంద్యాలలో, చుట్టుపక్కల పల్లెల్లో పాత ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడే గుడులున్నాయి. పురుషోత్తమ చౌదరి గారు 19వ శతాబ్దంలో రాగతాళాలతో రాసిన కీర్తనలు వాటిలో ఉన్నాయి. హార్మోనియం, తబలాతో, నిదానంగా, పెద్దవాళ్లు ఎత్తుకుని పాడే సాయంత్రం ఉంటే వెళ్లి కూర్చోండి. ఏ మతమైనా సరే, పాటకు గుమ్మం దగ్గర ఎవరూ అడ్డు చెప్పరు.

ఇంకొక్క విషయం, నా మనసులో చాలా రోజులుగా ఉన్నది. చదివింపులు. నటుడు పద్యం బాగా పాడితే మనం నోటు పంపిస్తాం. మంచిదే. కళాకారుడికి ఆ డబ్బు అవసరం. కానీ పద్యం నడుస్తుండగా మైకు లాక్కుని ఫలానా ఊరి ఫలానా వారు ఇంత చదివించారని చెప్పడం మొదలవుతుంది. రాగం మధ్యలో తెగుతుంది. పెట్టె ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. శ్రోతలారా, నోటు తప్పక ఇవ్వండి. సీను అయ్యాక ఇవ్వండి. పేరు చదవొద్దని చెప్పి ఇవ్వండి. వీలైతే ఈసారి హార్మోనిస్టుకు విడిగా ఇవ్వండి. డోలక్ ఆయనకు విడిగా ఇవ్వండి. కృష్ణుడికి అందరూ ఇస్తారు.

ఫోన్లో తీసుకోవడం గురించి కూడా అంతే. గుర్తుకు ఒక చిన్న ముక్క తీసుకోండి, తర్వాత జేబులో పెట్టేయండి. పాడే మనిషి మీ ముఖం చూడాలి. మీరు తల ఊపితే ఆ సంగతి మళ్లీ వేస్తాడు. మీరు ఒన్స్‌మోర్ అంటే పద్యం మళ్లీ ఎత్తుకుంటాడు, రెండోసారి మొదటిసారి కంటే బాగా పాడతాడు. ముందు వరుసలో ముఖాలకు బదులు ఫోన్లే కనిపిస్తే ఎవరిని చూసి పాడాలి? నేను రేడియోలో మాట్లాడుతున్న మనిషిని. రేడియో మీ ఇంటికి గొంతును తెస్తుంది, నాకు ఆ సంగతి మీద ఎంతో గౌరవం. కానీ మీ తల ఊపును ఆ గాయకుడి దగ్గరికి తీసుకుపోలేదు. దానికి మీరే బస్సెక్కాలి.

సరే, నన్నే అడిగితే ఈ వారం నేను ఎక్కడికి పోతానో చెప్పి సెలవు తీసుకుంటాను. శివరాత్రి నాడు సాయంత్రం మహానందిలో దర్శనం చేసుకుని, చీకటి పడకముందే బయటపడతాను. రాత్రికి ఒక చిన్న నంది గుడిలో చెక్కభజన దగ్గర కూర్చుంటాను, తెల్లవారేదాకా. ఆ తర్వాత ఒక రోజు ఆళ్లగడ్డ బస్సెక్కుతాను. పల్లకి ఆ పూట ఏ ఊళ్లో ఉందో బస్టాండులో టీ కొట్టు దగ్గర అడిగితే చెప్పేస్తారు. పొలిమేరకు పోయి మేళం కోసం నిలబడతాను. మీరు వస్తే సన్నాయి ఆయనకు ఎడమ పక్కన నడవండి, డోలుకు అడ్డం రాకుండా.